పదమూడుకి పదమూడు

పరీక్ష పెట్టేవాడికి ముందుగా ఎవరూ పరీక్ష పెట్టరు. ఆ ధీమాతోనే రేకుల షెడ్డులో గీత పని మాస్టారు ముప్పై ఏళ్ళు నెట్టుకొచ్చాడు. ఆ సోమవారం భోజనాల వేళ స్టోరు గది తలుపు దగ్గరగా వేసుకుని, తనకు తానే పరీక్ష పెట్టుకోవడం ఆయన చేసిన మొదటి పొరపాటు.

కాగితాలు మేనేజరు ఇచ్చినవి. ఒక్కో వరసలో ఎడమ పక్కన, చిన్న చిన్న దిమ్మెలు అతికించి మెలికలు తిప్పినట్టు ఒక బొమ్మ ఉంది. దాని పక్కన మరో నాలుగు. ఆ నాలుగింటిలో ఒకటి మాత్రమే మొదటి బొమ్మను తిప్పి పెట్టింది. మిగతా మూడూ చూడ్డానికి అలాగే ఉంటాయి కానీ అద్దంలో బొమ్మలు. ఎంత తిప్పినా మొదటిదానితో కలవవు. ఇరవై వరసలు, ఆరు నిమిషాలు.

మాస్టారు గడియారం చూసుకుని మొదలుపెట్టాడు. మొదటి బొమ్మను మనసులో పట్టుకుని తిప్పబోయాడు. సగం తిరిగిందో లేదో, తడిచేతిలో చేపలా జారిపోయింది. మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ జారింది. నాలుగు నిమిషాలయ్యాక చూసుకుంటే నాలుగు వరసలే అయ్యాయి. ఇంక మిగతావాటిలో కంటికి నచ్చిన బొమ్మకల్లా టిక్కు కొట్టుకుంటూ పోయాడు. జవాబుల కాగితం పక్కన పెట్టుకుని దిద్దుకుంటే తొమ్మిది వచ్చాయి.

తల కొట్టేసినట్టయింది. ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, ఆ నాలుగింటినీ మళ్ళీ చించి, తుక్కు డబ్బాలో రేకు ముక్కల అడుక్కి తోశాడు.

పెద్ద పెద్ద భవనాల్లో పైకప్పు కింద చల్లగాలి మోసే రేకు గొట్టాలు తయారుచేసే షెడ్డు అది. చదును రేకు మీద మాస్టారు గీత గీస్తే, కత్తెర మిషను కోస్తుంది, వంపు మిషను వంచుతుంది, చివర్లో అంచుల పదును ఆకురాయితో రాసి పంపుతారు. గీత తప్పితే రేకు తుక్కే. మాస్టారి గీత తప్పిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఎందుకు తప్పలేదో ఆయన భార్యకొక్కదానికే తెలుసు. కొత్త నమూనా వచ్చిన ప్రతిసారీ ఆయన దాన్ని ఇంటికి పట్టుకొచ్చి, అట్టముక్క కోసి, మడిచి, ఏ వైపు తిరుగుతుందో చేత్తో పట్టుకుని చూసుకునేవాడు. చొక్కాలు ఉతకబోయి ఆవిడ జేబుల్లోంచి అట్ట గొట్టాలు తీసి వరసగా కిటికీలో పెట్టేది. "మన పెళ్ళయ్యాక ఇన్ని బొమ్మలు మన పిల్లకి కూడా కొనలేదు మీరు" అనేది.

మాస్టారి పక్కన గీత పని చేసే రెండో మనిషి పని మానేశాడు. ఆ చోటుకి ముగ్గురు అడిగారు. ఒకరు వంపు మిషను మీదున్న మాస్టారి అల్లుడు. రెండోవాడు కత్తెర మిషను పొడుగాయన. మూడో మనిషి ఆకురాయి అక్క.

ఆవిడది పదకొండేళ్ళుగా అంచులు రాసే పని. చేతిలో ఉన్నదీ నోట్లో ఉన్నదీ ఒకటేనని షెడ్డంతా ఆవిడకి ఆ పేరు పెట్టింది. కుడిచేతి బొటనవేలు కణుపు దగ్గర ఉబ్బి, పొద్దున్నే గ్లౌజు తొడుక్కోవడానికే రెండు నిమిషాలు పట్టేది.

"ఈ వేలు ఇంక ఏడాది కూడా రాదు మాస్టారూ" అంది ఆవిడ, పేరు ఇచ్చిన రోజున. "అదైపోతే నన్ను ఇంటికి పొమ్మంటారు. గీత గీయడానికి కళ్ళు చాలుగా. కళ్ళు బాగున్నాయి నాకు."

మేనేజరు కాదనలేదు. మాస్టార్ని గదిలోకి పిలిచి మాత్రం చెప్పాడు: "ఇది నేను కనిపెట్టింది కాదండీ, చాలాచోట్ల పెట్టే పరీక్షే. సగటున ఇందులో మగవాళ్ళకి ఎక్కువొస్తాయట. ఎవరి తప్పూ కాదు, బుర్రల తయారీ అలాంటిది. అయినా ఆవిణ్ణి రాయనిద్దాం. రేపు ఆడా మగా తేడా చూశామన్న మాట మనమీదకి రాకూడదు."

ఆ సోమవారమే భోజనాలయ్యాక బల్ల తుడిచి ముగ్గురినీ దూరం దూరంగా కూర్చోబెట్టారు. మాస్టారు గడియారం పట్టుకుని నిలబడ్డాడు. మొదటి నిమిషంలోనే ఆకురాయి అక్క కాగితాన్ని కొంచెం పక్కకి తిప్పింది.

"కాగితం తిప్పకూడదమ్మా" అన్నాడు మాస్టారు. "బుర్రలోనే తిప్పాలి. రూలు."

ఆవిడ ఉలిక్కిపడి కాగితాన్ని నిలువుగా పెట్టుకుంది. ఎక్కడ మళ్ళీ తిరుగుతుందో అన్నట్టు ఎడమ అరచేత్తో అదిమి పట్టింది. కాసేపు పెన్సిలు కదల్లేదు. తర్వాత మెల్లగా కదిలింది.

ఇంకో రెండు నిమిషాలకు అల్లుడు తన కాగితాన్ని స్టీరింగు చక్రంలా ఇటూ అటూ తిప్పడం మొదలుపెట్టాడు. మాస్టారు చూశాడు. నోరు తెరవబోయాడు. ఆ చోటు వస్తే ఇంటి అద్దె బెంగ తీరుతుందని ముందు రోజే కూతురు అన్న మాట అడ్డం పడింది. గడియారంలోకి చూస్తూ ఉండిపోయాడు. తల ఎత్తేసరికి ఆకురాయి అక్క ఆయన వంకే చూస్తోంది. ఆ చూపు ఒక్క క్షణమే. ఆవిడకి అంతకంటే తీరిక లేదు.

*

మర్నాడు పొద్దున మార్కులు గోడకి అంటించారు. అల్లుడికి పద్నాలుగు, ఆకురాయి అక్కకి పదమూడు, పొడుగాయనకి పదకొండు.

"ఒక్కటేగా తేడా అక్కా, వెంట్రుకవాసిలో తప్పింది" అన్నాడు పొడుగాయన, తన పదకొండుని మరిపించడానికి.

ఆవిడ నేరుగా మాస్టారి బల్ల దగ్గరికొచ్చింది. "నా కాగితం ఒకసారి చూపిస్తారా?"

మాస్టారు తీసిచ్చాడు. ఆవిడ వేలుపెట్టి ఒక్కో వరసా లెక్కపెట్టింది.

"రాసినవి పదమూడు. ఒప్పులు పదమూడు. అంతేనా?"

"అంతే."

"మీ అల్లుడు ఎన్ని రాశాడు?"

"ఇరవై."

"తప్పులు ఆరు. ఆరు రేకులు తుక్కులో పడేసి పద్నాలుగు చేశాడన్నమాట. తెలియని ఏడు రేకులు నేను ముట్టుకోలేదు. ముట్టుకోనందుకు నాది తక్కువ పనితనం."

వంపు మిషను దగ్గర ఎవరో నవ్వారు. "అదిగో, రాయడం మొదలెట్టింది! జాగ్రత్త మాస్టారూ, అంచులు అరిగిపోతాయి."

"రూలు ప్రకారం ఎవరికి ఎక్కువొస్తే వాళ్ళకేనమ్మా" అన్నాడు మాస్టారు.

"రూలుకేం లెండి" అంది ఆవిడ. కాగితాన్ని బల్ల మీద పెట్టి, దాన్ని మాస్టారి వైపుకి నిదానంగా తిప్పి, వెళ్ళిపోయింది.

*

బుధవారం అల్లుడు గీత బల్ల దగ్గరికి మారాడు. ఆ రోజే పన్నెండు మలుపు ముక్కల నమూనా వచ్చింది. వెడల్పుగా మొదలై, సన్నబడుతూ, ఒక పక్కకి ఒరిగి తిరిగే ముక్కలు. రేకుకి ఒక ముఖానే రంగు ఉంటుంది. ఆ రంగు బయటికి రావాలి. కాబట్టి ఒకసారి గీసి కోశాక తిరగేసి వంచుదామంటే కుదరదు.

ఇలాంటి నమూనాల్లో ఒక తిరకాసు ఉంది. పైకప్పుకి వేలాడే గొట్టం కనక, బొమ్మని నేల మీద నిలబడి పైకి చూసినట్టు గీస్తారు. గీసేవాడు దాన్ని పైనుంచి కిందికి చూసినట్టు అనుకుంటే, కుడికి తిరగాల్సిన ముక్క ఎడమకి తిరుగుతుంది.

అల్లుడు గీశాడు. మాస్టారు కొలతలు చూశాడు. కోణాలు, మడత గీతలు, అతుకు అంచులు, అన్నీ నూలుపోగంత తేడా లేకుండా ఉన్నాయి. ఇక మిగిలింది ఒక్కటే: ఇది మడిస్తే ఎటు తిరుగుతుంది? మనసులో మడవబోయాడు. మొదటి మడత దగ్గరే చెదిరిపోయింది. మామూలుగా అయితే "రేపు చూద్దాం" అని నమూనా సంచిలో పెట్టుకుని ఇంటికి పోయేవాడే.

"సరిపోయిందా మావయ్యా?" అన్నాడు అల్లుడు. మోచేతి దగ్గర నిలబడి, మెప్పుకోసం చూస్తున్న బడిపిల్లాడిలా ఉన్నాడు. ఆ కళ్ళ ముందు "ఇంటికెళ్ళి చూసుకుంటాను" అనడానికి మాస్టారికి నోరు రాలేదు.

"బాగా గీశావు" అని రేకు మూల సుద్దతో టిక్కు పెట్టాడు.

మధ్యాహ్నానికి రెండు ముక్కలు వంగి ఆకురాయి బల్ల మీదికి చేరాయి. మొదటిదాని అంచు రాస్తూ ఆవిడ ఆగింది. రెండోదాన్ని రెండు చేతులా ఎత్తి నెత్తిన పెట్టుకున్నట్టు పట్టుకుని, కింద నుంచి పైకి చూసింది. కాసేపు అలాగే ఉంది. తర్వాత ఆ ముక్కతోనే షెడ్డు మధ్యలోంచి నడిచి వచ్చింది. అందరూ చూస్తున్నారు.

"మాస్టారూ, ఇది ఇలా తగిలించాలి కదా? ఇలా తగిలిస్తే గోడలోకి పోతోంది. అటు తిరగాలేమో చూడండి. ఇంకా పది కొయ్యలేదు."

మాస్టారు ముక్క వైపు చూశాడు, నమూనా వైపు చూశాడు. రెండూ ఆయనకి ఏ మాటా చెప్పలేదు. పొడుగాయన మిషను ఆపి చూస్తున్నాడు. అల్లుడి మొహం పాలిపోయింది.

"నీ పని అంచులు రాయడం" అన్నాడు మాస్టారు. "ఎటు తిరగాలో మేం చూసుకుంటాం. పరీక్ష అయిపోయిందిగా, ఇంకా ఎందుకమ్మా ఆ కక్ష?"

షెడ్డులో నవ్వు ఆ చివర నుంచి ఈ చివరికి పాకింది. ఆవిడ ముక్కని భుజం మీద పెట్టుకుని వెనక్కి వెళ్ళింది. సాయంత్రంలోగా పన్నెండు ముక్కల అంచులూ రాసింది. ఎక్కడా వేలికి గీరుకోకుండా, ఎప్పటికంటే నున్నగా రాసింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళగానే మాస్టారు కాళ్ళు కూడా కడుక్కోకుండా, అల్లుడు గీసిన గీతల ప్రకారమే అట్ట కోశాడు. మడిచాడు. తల మీదికెత్తి కింద నుంచి చూశాడు. అట్ట గొట్టం తప్పు వైపు తిరిగి ఉంది.

మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచాడు. అది మాట మార్చలేదు.

గురువారం పొద్దున ఆయన షెడ్డుకి వెళ్ళేసరికి పన్నెండు ముక్కలూ బండికెక్కి ఉన్నాయి. డ్రైవరు తాడు బిగిస్తున్నాడు. "ఏంటి మాస్టారూ, ఇంత పొద్దున్నే?" అన్నాడు. ఆపు అనడానికి ఒక్క మాట చాలు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. అట్టముక్క మడవడంలో తనే ఎక్కడో తప్పి ఉండవచ్చు కదా అనుకున్నాడు. అలా తప్పలేదని తెలిసే అనుకున్నాడు. బండి గేటు దాటిపోయింది.

*

శుక్రవారం పదకొండింటికి, భవనంలో గొట్టాలు బిగించేవాళ్ళ దగ్గర్నించి ఫోనొచ్చింది. పన్నెండుకి పన్నెండూ గోడకి గుద్దుకుంటున్నాయి. మేనేజరు అందర్నీ మిషన్లు ఆపమని పిలిచాడు.

"కొత్త మనిషి గీశాడు, పొరపాటు జరిగింది, సరే" అన్నాడు. "మాస్టారు కొలతలు చూశారు, కొలతలు సరిగ్గానే ఉన్నాయి. కానీ పన్నెండు ముక్కలూ ఈవిడ చేతుల మీదుగా పోయాయే! ఒక్కదాన్నయినా ఎత్తి చూడొద్దా? అంచే చూస్తారు కానీ ఆకారం చూడరు. అందుకే అన్నాను, ఈ విషయంలో ఆడవాళ్ళ బుర్ర..." అని ఆగి, "పోనీలెండి" అన్నాడు, తనేదో దయ చూపినట్టు.

షెడ్డులో అందరికీ తెలుసు, ఆవిడ ముక్క ఎత్తి చూసిన సంగతి. అందరూ మాస్టారి నోటి వంక చూశారు. పెద్దాయన ఏమంటే అదే ఖాయం చేద్దామని. మాస్టారు నేల చూశాడు. అక్కడ సన్నటి రేకు రజను మెరుస్తోంది. దాన్ని చెప్పు మొనతో ఒకచోటికి పోగుచేశాడు. మేనేజరు గదిలోకి వెళ్ళిపోయాడు. మిషన్లు మళ్ళీ మొదలయ్యాయి.

ఆ చప్పుడు చాటున మాస్టారు ఆకురాయి బల్ల దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ ఆకురాయి పళ్ళలో ఇరుక్కున్న రజను బ్రష్షుతో దులుపుతోంది.

"చెప్పానని నువ్వెందుకు అనలేదమ్మా?"

"చెప్పానని నేనంటే, లేదని మీరంటే, ఎవరి మాట నిలుస్తుంది?"

"నేను లేదనేవాణ్ణి కాదు."

"అననక్కర్లేదండీ. ఇప్పుడు మీరేమన్నారు? ఏమీ అనలేదు. సరిపోలేదూ?"

ఆవిడ గొంతులో కోపం ఉంటే మాస్టారు తట్టుకునేవాడు. కోపం లేదు. పన్నెండో ముక్క అంచు ఎంత నున్నగా ఉందో, ఆ మాటా అంత నున్నగా ఉంది.

సాయంత్రం కూతురు వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. "నాన్నా, ఆయన మధ్యాహ్నం నుంచీ మెతుకు ముట్టలేదు. 'మావయ్య చూసి బాగుందన్నాకే కోయించాను' అంటున్నారు. నిజమేనా? నిజమైతే అక్కడ ఆయనొక్కడి మీదే ఎందుకు పడనిచ్చావు?"

మాస్టారు భుజం మీది తువ్వాలు తీసి మడతపెట్టసాగాడు. కూతురు గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళిపోయింది.

కిటికీలో ఉన్న కొత్త అట్ట గొట్టాన్ని ఆయన భార్య చేతిలోకి తీసుకుంది. "ఇది ఎప్పుడు చేశారు?"

"బుధవారం సాయంత్రం."

"బండి ఎప్పుడెళ్ళింది?"

"గురువారం పొద్దున."

ఆవిడ అట్ట గొట్టాన్ని తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టి లోపలికి వెళ్ళింది. ఆ రోజు ఆ ఇంట్లో కూడా ఎవరూ మెతుకు ముట్టలేదు.

*

శనివారం మాస్టారు రెండు పరీక్ష కాగితాలు పట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్ళాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"రెండో ముక్క దగ్గరే ఆవిడ వచ్చి చెప్పింది సార్. నేనే కసిరి పంపాను. బుధవారం సాయంత్రానికి తప్పని నాకు తెలుసు. బండి ఆపలేదు."

మేనేజరు కలం కింద పెట్టాడు.

"ఇంకొకటి. పరీక్షలో ఆవిడ కాగితం తిప్పితే ఆపాను. మా అల్లుడు తిప్పితే ఆపలేదు. అయినా ఆవిడ రాసిన పదమూడుకి పదమూడూ ఒప్పే. మన పనిలో రాయకుండా వదిలేసిన దానికి ఖర్చు లేదు, తప్పు రాసినదానికే ఉంది. మార్కులు వేసిన పద్ధతే మనకి పనికొచ్చేది కాదు."

"అయితే పుస్తకాలన్నీ తప్పంటారా? సగటున..."

"సగటు సంగతి నాకు తెలీదు సార్. సగటు వచ్చి మన రేకు గీయదు కదండీ. ముగ్గురొచ్చారు. ముగ్గురిలో ఎవరికి తెలుసో చూడాలి. అది చూడలేదు. ఆ పరీక్ష సోమవారం నేనూ రాశాను. తొమ్మిదొచ్చాయి."

మేనేజరు రెండు కాగితాలూ పక్కకి జరిపాడు. "మరి ఇన్నేళ్ళూ ఎలా..."

"ఇంటి దగ్గర అట్టముక్కతో చేసి చూసుకుంటాను."

"ఆ సంగతి బయట అనకండి" అన్నాడు మేనేజరు గొంతు తగ్గించి. "ఆవిణ్ణి సోమవారం నుంచి గీతకి మార్చి చూద్దాం. మీ అల్లుడు మళ్ళీ వంపు మిషనుకే. కానీ ఈ తొమ్మిది సంగతి ఎవరితోనూ వద్దు. షెడ్డు పరువు పోతుంది."

మాస్టారు ఆ వార్త పట్టుకుని ఆకురాయి బల్ల దగ్గరికి వెళ్ళాడు. చెప్పాడు. తప్పైపోయిందమ్మా అని కూడా అన్నాడు.

ఆవిడ గ్లౌజు తీసి బొటనవేలు నొక్కుకుంది. "చోటు ఇస్తున్నందుకు సంతోషం. ఆ రెండో మాట మాత్రం ఇక్కడ నా చెవిలో కాదు. కక్ష అన్నది అందరి ముందూ కదా. ఆ మాట వెనక్కి తీసుకోవడం కూడా అందరి ముందే."

టీ వేళ అందరూ బల్ల చుట్టూ చేరారు. మాస్టారు లేచి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గ్లాసు రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

"బుధవారం ఆవిడ చెప్పింది నిజం. కక్ష అన్నది నేను. ఆవిడకి కక్ష లేదు, నాకే..." అని ఆగాడు. "నాకే తెలియలేదు ఆ ముక్క ఎటు తిరుగుతుందో. అప్పుడే కాదు. ఎప్పుడూ తెలియదు. నాకు మనసులో తిరగవు. ఇంటి దగ్గర అట్ట మడిచి చూసుకుంటాను. అదే పరీక్షలో నాకు తొమ్మిదొచ్చాయి."

నవ్వుతారనుకున్నాడు. నవ్వలేదు. కాసేపటికి పొడుగాయన మెడ గోక్కున్నాడు.

"నాకూ తిరగవు మాస్టారూ. నేను అరచెయ్యి పెట్టి వేళ్ళు వంచి చూసుకుంటాను. ఎవరైనా చూస్తే దురద అన్నట్టు గోక్కుంటాను."

"ఓహో, అందుకా నీకెప్పుడూ చేతికి గజ్జి!" అన్నాడు వంపు మిషను మీద పనిచేసే ఇంకో పెద్దాయన. "నేనైతే మడతకో సుద్దచుక్క. చుక్కల్లేకపోతే నా పని గోవిందా."

అల్లుడు తల వంచుకునే అన్నాడు: "ఆ ముక్క ఎటు తిరుగుతుందో నేను అసలు చూడలేదు మావయ్యా. మీరు చూస్తారు కదా అనుకున్నాను."

"నేను నువ్వు చూశావనుకున్నాను."

ఈసారి అందరూ నవ్వారు. గ్లాసులు బల్ల మీద గలగలమన్నాయి. ఇన్నేళ్ళ బరువు దిగినట్టు ఒకరి వీపు ఒకరు చరుచుకున్నారు. మాస్టారి పెదాల మీద కూడా నవ్వు మొలవబోయింది.

"నాకూ మొదట్లో తిరగలేదు" అంది ఆకురాయి అక్క. బల్ల చివర నుంచి మెల్లగానే అంది. "పదకొండేళ్ళు. వచ్చిన ప్రతి ముక్కనీ నాలుగు పక్కలా తిప్పితే కానీ అంచు రాయడం కుదరదు. చేతిలో అన్నేళ్ళు తిరిగితే బుర్రలో ఒకనాటికి దానంతటదే తిరిగింది. అంతకుమించి ఏం లేదు."

"అదే అక్కా మేమూ అనేది..." అన్నాడు పొడుగాయన, నవ్వుతూనే.

"కాదు, ఒక్క మాట చెప్పు. ఇక్కడ ఇంతమందికి తిరగదు కదా. తిరగదన్న పేరు నాకొక్కదానికే ఎందుకొచ్చింది?"

పొడుగాయన నవ్వు పెదాల మీద అలాగే ఉండి, ఎటు పోవాలో తెలియక, కాసేపటికి పోయింది. మాస్టారి టీ చల్లారిపోయింది. ఆవిడ జవాబు కోసం అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసింది. చివరికి మాస్టార్ని చూసింది. ఆయన దగ్గరా లేదు.

సోమవారం పొద్దున ఆవిడ గీత బల్ల దగ్గరికి వచ్చింది. రంగు రేకు నిలువెత్తు ఉంటుంది, ఒక్కరి వల్ల పరచడం కాదు. గీసే మనిషి బల్లకి ఇవతల నిలబడితే, ఇంకొకరు అవతల అంచు ఎత్తి పట్టి, చెప్పినప్పుడు దించాలి. మాస్టారు అలవాటు కొద్దీ ఇవతలికే వచ్చాడు. అక్కడ ఆవిడ ఉంది.

"అటు రండి మాస్టారూ" అంది ఆవిడ.

ఆయన బల్ల చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళాడు. అంచు పట్టుకున్నాడు.

"ఎత్తండి. ఇంకొంచెం. ఆగండి, నేను చెప్పేదాకా దించకండి."

రేకు బరువుకి చేతులు లాగుతున్నాయి. మాస్టారు పట్టుకునే నిలబడ్డాడు.